తొమ్మిదికి తొమ్మిది: మన జిల్లాలో ఓడినవారి ఓటు ఎక్కడికి పోతోంది?

గంటస్తంభం (విజయనగరం)
2025 మార్చి 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. గత నెల 27న ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు వేశాను. బ్యాలెట్ కాగితంతో పాటు ఊదారంగు స్కెచ్ పెన్ను ఇచ్చారు. సొంత పెన్నుతో రాస్తే చెల్లదు, టిక్కు పెట్టినా చెల్లదు. పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. ఒకటి తప్పనిసరి, మిగతావి మన ఇష్టం. నిన్న విశాఖలో లెక్కింపు జరిగింది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ సగం దాటలేదు. అడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ, వారి కాగితాల మీద ఉన్న తర్వాతి అంకె చూస్తూ పోతే చివరికి గాదె శ్రీనివాసులునాయుడు గారు గెలిచారు.

ఆ అంకెలు ఎన్నికల ప్రచారాన్నే ఎంత మార్చాయో మా స్టాఫ్ రూములో కళ్లారా చూశాను. ఒక అభ్యర్థి వచ్చి, నేను వేరే సంఘం వాడినని తెలిసి కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “మాస్టారూ, మొదటి ఓటు మీవాడికే వేసుకోండి. రెండోది మాత్రం నాకు” అన్నారు. అరగంట కూర్చుని, అవతలివారి మీద ఒక్క తిట్టు లేకుండా మాట్లాడి వెళ్లారు. ఏ తిట్టు తిట్టినా నా రెండో ఓటు పోతుందని ఆయనకు తెలుసు. అసెంబ్లీ ఎన్నికల్లో అలాంటి మాట వినగా నాకు గుర్తు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. 2019లో మన ఉమ్మడి విజయనగరం జిల్లాలో తొమ్మిది అసెంబ్లీ సీట్లకు తొమ్మిదీ వైకాపావి. 2024లో తొమ్మిదికి తొమ్మిదీ కూటమివి. రాష్ట్రమంతా చూసినా ఇదే తీరు. 2019లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైకాపాకు దాదాపు 39 శాతం ఓట్లు, 11 సీట్లు. 175 సీట్లలో 39 శాతమంటే 68. ఇందులో ఏ పార్టీ మీదా నాకు మమకారం లేదు. రెండుసార్లూ అన్యాయం జరిగింది ఓటరుకే. పట్టభద్రులకూ ఉపాధ్యాయులకూ పనికొచ్చిన ప్రాధాన్య ఓటు అసెంబ్లీకి ఎందుకు పనికిరాదు? చెప్పండి.

చింతచెట్టు నీడ (ఆమదాలవలస)
2025 మార్చి 4, రాత్రి 10:40

మాస్టారూ, నేను ఒక దఫా సర్పంచుగా చేసినవాడిని. మీ బాధ అర్థమైంది కానీ ఎన్నిక దేనికి? ప్రభుత్వం ఏర్పడడానికి. ఓడినవాడికి కూడా వాటా పంచుతూ పోతే ఎవరికీ బలం ఉండదు. పక్కన నేపాల్ ఉంది. 275 మంది సభలో 165 మందిని మనలాగే నేరుగా, 110 మందిని పార్టీల ఓట్ల దామాషాలో ఎన్నుకుంటారు. 2008లో గణతంత్రం అయినప్పటి నుంచి పదికి పైగా ప్రభుత్వాలు మారాయి. వంశధార రెండో దశ పనులు మొదలై ఇరవై ఏళ్లు అవుతోంది. ఏడాదికో ముఖ్యమంత్రి వస్తే ఆ కాలువలో నీళ్లు ఎప్పుడు చూస్తాం?

నాగావళి (శ్రీకాకుళం)
2025 మార్చి 5, ఉదయం 6:55

మాస్టారి ఆవేదనతో ఏకీభవిస్తాను, మందుతో కాదు. నేను న్యాయవాదిని, లెక్క చూసే మాట్లాడతాను.

ఒక నియోజకవర్గానికి ఒక్కరే ఉన్నంత కాలం ప్రాధాన్య ఓటు పెట్టినా 2024 ఫలితం పెద్దగా మారదు. కూటమి పార్టీలన్నిటికీ కలిపి 55 శాతం వచ్చింది. సగం ఎలాగూ దాటింది కాబట్టి రెండో అంకె చూసే అవసరమే రాదు. 39 శాతానికి 11 సీట్లు అప్పుడూ అంతే. ప్రాధాన్య ఓటు పనిచేసేది ముక్కోణపు పోటీలో. 2009 గుర్తు చేసుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్ సుమారు 36 శాతం ఓట్లతో 294లో 156 సీట్లు గెలిచింది. ప్రజారాజ్యం 16 శాతం తెచ్చుకుని 18 దగ్గర ఆగిపోయింది. ఆ 16 శాతం మంది రెండో ఓటు ఎవరికి వేసేవారో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వారిని ఎవరూ అడగలేదు. ప్రాధాన్య ఓటు ఉంటే పార్టీలు ముందే కూర్చుని సీట్లు పంచుకోనక్కరలేదు. ఎవరితో ఎవరు కలవాలో ఓటరే కాగితం మీద రాస్తాడు.

మీరు అడుగుతున్న న్యాయం జరగాలంటే నియోజకవర్గానికి ఒక్కరు కాదు, ముగ్గురో నలుగురో ఉండాలి. “అది మన దేశంలో కుదరదు” అనకండి. మన గడ్డ మీదే ఇద్దరు సభ్యుల నియోజకవర్గం ఉండేది. ఆ కథ సాలూరు అక్క బాగా చెబుతారు.

సాలూరు సంత (సాలూరు)
2025 మార్చి 5, రాత్రి 8:30

చెబుతాను నాగావళి గారూ. మా నాన్నగారు ఆ ఎన్నికలో మొదటిసారి ఓటు వేశారు. ఆయన నోట విన్నవీ తర్వాత నేను చదివినవీ కలిపి చెబుతున్నాను.

1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు. ఒకటి గిరిజనులకు కేటాయించిన సీటు, ఒకటి జనరల్. ఓటరుకు రెండు ఓట్లు. పోటీలో వి.వి.గిరి ఉన్నారు. 1952లో పాతపట్నం నుంచి గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన పెద్ద మనిషి. ఓట్లు లెక్కిస్తే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే ఉన్నారు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థికి కేటాయించిన సీటు దక్కింది. ఇక జనరల్ సీటు ఎవరిది? డిప్పల సూరిదొరకు గిరి కంటే ఆరు వందల లోపు ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆ సీటూ ఆయనదే అయింది.

గిరిజనుడు జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని గిరి కోర్టుకు వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. కేటాయింపు అంటే కనీసం ఒక సీటు అని అర్థం, అంతకు మించి గెలవకూడదని కాదని 1959లో మెజారిటీ తీర్పు సూరిదొర పక్షాన వచ్చింది. మా కొండల్లో పుట్టిన మనిషి ఓట్ల బలంతో జనరల్ సీటు గెలిచి నిలబెట్టుకున్నాడు. మా నాన్నగారు ఈ మాట చెప్పేటప్పుడు వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవారు. 1961లో చట్టం చేసి ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను రద్దు చేశారు. ఆ రద్దులో ఈ కేసు పాత్ర ఎంతో కొంత ఉందనే నా నమ్మకం.

మాస్టారూ, మీకోసం ఇంకొక మాట. పార్వతీపురంలో ఓడిన అదే గిరి 1969లో రాష్ట్రపతి అయింది మీరు చెప్పిన అంకెల పద్ధతిలోనే. మొదటి లెక్కలో ఆయనే ముందున్నా సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక 4,20,077 అయ్యాయి. నీలం సంజీవరెడ్డి గారికి 4,05,427. దేశాధినేతను ఎన్నుకోవడానికి నమ్మిన పద్ధతిని సాలూరు ఎమ్మెల్యేను ఎన్నుకోవడానికి ఎందుకు నమ్మరు?

ఉద్దానం కొబ్బరి (కవిటి, ప్రస్తుతం హైదరాబాద్)
2025 మార్చి 6, రాత్రి 11:48

పెద్దలందరికీ నమస్కారం. ఎన్ని అంకెలు వేయాలో తర్వాత. ముందు మేము ఓటు దగ్గరికి చేరే దారి గురించి కూడా మాట్లాడండి.

నేను సెంట్రింగ్ పని చేస్తాను. 2024 మే 13 సోమవారం పోలింగు. శనివారం సాయంత్రం పని దిగి సికింద్రాబాద్‌లో జనరల్ బోగీ ఎక్కాను. పలాస దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. మరుగుదొడ్డి తలుపు దగ్గర ఒక తల్లి చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని రాత్రంతా కూర్చుంది. ఆమె కూడా ఓటు కోసమే వస్తోంది, సోంపేట దగ్గర ఊరు. రాను పోను, పోలింగు రోజుతో కలిపి నాలుగు రోజుల కూలి పోయింది. పోలింగు రోజున జీతంతో సెలవు ఇవ్వాలని చట్టంలో ఉందట. మా మేస్త్రీకి ఆ మాట చెబితే కొత్త మనిషిని పెట్టుకుంటానన్నాడు. మా ఊరి నుంచి గుజరాత్ వెరావల్ రేవుకు వేటకు వెళ్లినవాళ్లు ఎన్నికల కోసం రాగలరా?

ఉన్న చోటి నుంచే ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. ఒక యంత్రంలో 72 నియోజకవర్గాల బ్యాలెట్లు పెట్టవచ్చన్నారు. 2023 జనవరిలో పార్టీలను పిలిచారు. చాలా పార్టీలు అనుమానాలు చెప్పాయి, ఆ మాట అక్కడే ఆగింది. అనుమానాలు ఉండవచ్చు, తీర్చుకోవచ్చు. కానీ ఊళ్లో లేని మనిషి ఓటు ఎవరికీ అక్కరలేదనిపిస్తోంది. ఎన్నికల సంస్కరణ అంటే నాకు ముందు ఇదే.

గంటస్తంభం (విజయనగరం)
2025 మార్చి 7, సాయంత్రం 6:20

తమ్ముడూ, నీ మాట చదివాక నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చర్చలో ఆ సంగతి లేకపోవడం నా తప్పే.

నాగావళి గారి లెక్క కూడా కాదనలేను. నేను సగం ఆలోచించి రాశాను. మిగతా సగం కాగితం మీద వేసి చూశాను. మన తొమ్మిది సీట్లను మూడేసి చొప్పున కలపండి. కురుపాం, పార్వతీపురం, సాలూరు ఒకటి. బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం ఒకటి. నెల్లిమర్ల, విజయనగరం, శృంగవరపుకోట ఒకటి. ఒక్కో దానికి ముగ్గురు. ఓటరు అంకెలు వేస్తాడు. ముగ్గురు కావాలంటే చెల్లిన ఓట్లను నాలుగుతో భాగించి ఒకటి కలపాలి, ఆ సంఖ్య అందుకున్నవారు గెలిచినట్లు. అంటే పావు వంతుకు పైన ఓట్లున్న ఏ పార్టీకైనా ఒక సభ్యుడు ఖాయం. 55 శాతం ఉన్నవారికి ఇద్దరు, 39 శాతం ఉన్నవారికి ఒకరు. మూడు చోట్లా గాలి ఇలాగే వీస్తే జిల్లాలో ఆరు, మూడు. గెలిచినవారు గెలిచినట్లే ఉంటారు, ప్రభుత్వానికి బలమూ ఉంటుంది. ఓడినవారి గొంతు మాత్రం సభలో వినబడుతుంది. సర్పంచ్ గారూ, నేపాల్‌లో వచ్చిన చిక్కు ఇక్కడ అంతగా రాదు. చిన్నచిన్న ముక్కల పార్టీలు పావు వంతు ఓట్లు ఎక్కడ తెస్తాయి?

చింతచెట్టు నీడ (ఆమదాలవలస)
2025 మార్చి 7, రాత్రి 9:05

లెక్క బాగుంది మాస్టారూ. మనుషుల సంగతి ఆలోచించారా? కురుపాం కొండ మీది గూడెం నుంచి సాలూరు అవతలి గూడెం దాకా ఒకే నియోజకవర్గం అంటే అభ్యర్థి తిరగగలడా? ఇప్పుడే అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి పెట్టారు. నిజంగా అయ్యే ఖర్చు ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. విస్తీర్ణం మూడింతలైతే డబ్బున్నవాడు తప్ప ఎవరు నిలబడతారు? సాలూరు, కురుపాం గిరిజనులవి, పార్వతీపురం ఎస్సీలది. ఆ కేటాయింపు ఏమవుతుంది? ముగ్గురు ఎమ్మెల్యేలుంటే తాగునీటి కోసం ఎవరి గుమ్మం తొక్కాలి? ఒకరి మీద ఒకరు చెప్పి తప్పించుకుంటారు.

నాగావళి (శ్రీకాకుళం)
2025 మార్చి 8, ఉదయం 7:15

కేటాయింపు ప్రశ్న గట్టిది. కలిపిన స్థానంలో ఇద్దరు గిరిజనులు, ఒక ఎస్సీ తప్పక ఉండేలా లెక్కింపు నియమం రాయాలి. రాయడం కుదురుతుంది, తేలిక కాదు. కొండ ప్రాంతాన్ని ఇప్పుడున్నట్లే విడిగా ఉంచి, మైదానంతో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

గుమ్మం సంగతిలో మాత్రం సర్పంచ్ గారితో విభేదిస్తాను. ఈరోజు మీ పార్టీ కాని ఎమ్మెల్యే గుమ్మం తొక్కితే లోపలికి రమ్మంటున్నారా? ముగ్గురుంటే కనీసం ఒక్కరైనా మీ ఓటు తీసుకున్నవారు ఉంటారు. ఐర్లండ్‌లో వందేళ్లుగా ఈ అంకెల పద్ధతే, ఇప్పుడు అన్నీ మూడు నుంచి ఐదుగురు సభ్యుల నియోజకవర్గాలే. సభ్యులు పోటీ పడి మరీ జనం పనులు చేస్తారని, ఆ పోటీ మరీ ఎక్కువైందని అక్కడ ఫిర్యాదు. 1959లో ఒకసారి, 1968లో ఒకసారి ఆ పద్ధతి తీసేద్దామని పాలకులు ప్రజాభిప్రాయం అడిగితే ప్రజలు రెండుసార్లూ వద్దన్నారు.

ఓటు పార్టీకి వేస్తే, పార్టీ ఇచ్చిన జాబితా వరసలో సభ్యులయ్యే పద్ధతికి మాత్రం నేను వ్యతిరేకిని. 1999లో లా కమిషన్ 170వ నివేదికలో లోక్‌సభకు సుమారు నాలుగో వంతు సీట్లు అదనంగా చేర్చి వాటిని జాబితా ద్వారా నింపమంది. మన దగ్గర పార్టీ అంటే ఒక మనిషి, ఒక ఇల్లు. జాబితాలో మూడో పేరు ఎవరిదో ఆ ఇంట్లో తేలుతుంది, ఎంతకు తేలుతుందో మనం చూస్తూనే ఉంటాం. అంకెల పద్ధతిలో వరస రాసేది ఓటరు.

జమిలి ఎన్నికల మాట ఎవరైనా ఎత్తుతారేమో, ముందే చెబుతున్నాను. గత డిసెంబరులో అందుకోసం 129వ రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. మన రాష్ట్రంలో 1999 నుంచి లోక్‌సభకూ అసెంబ్లీకీ కలిపే ఓటు వేస్తున్నాం. దానివల్ల ఊళ్లో పంచిన డబ్బు తగ్గిందా?

చింతచెట్టు నీడ (ఆమదాలవలస)
2025 మార్చి 8, మధ్యాహ్నం 3:30

డబ్బు తగ్గలేదు. ఆ మాట ఒప్పుకుంటాను. ఒక సంగతి రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. రాస్తున్నాను.

ఒక ఎన్నికలో నేను ఒక అభ్యర్థి కోసం నలభై రోజులు తిరిగాను. పేరు అడగవద్దు. మా ఇంట్లోనే ముప్పై మందికి వంట. మా బావమరిది అవతలి పార్టీ. ఆ నలభై రోజులు మా ఆవిడ పుట్టింటి గడప తొక్కలేదు. మావాడు గెలిచాడు. రెండేళ్లు తిరక్కుండా అవతలి పార్టీ కండువా కప్పుకున్నాడు. టీవీలో చూశాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, లేచి లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి నేను ఏ జెండా పట్టలేదు. ముగ్గురిని ఎన్నుకున్నా, ముప్పై మందిని ఎన్నుకున్నా, గెలిచాక ఇలా వెళ్లిపోతే ఈ అంకెలు దేనికి?

నాగావళి (శ్రీకాకుళం)
2025 మార్చి 8, రాత్రి 8:50

సర్పంచ్ గారూ, ఇది రాసినందుకు మీకు నమస్కారం పెడుతున్నాను.

పార్టీ ఫిరాయింపులను ఆపే చట్టం 1985 నుంచీ ఉంది, రాజ్యాంగంలో పదో షెడ్యూలు. మూడో వంతు మంది కలిసి వెళ్తే చీలిక అనే వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. కానీ తీర్పు చెప్పేది స్పీకరు, స్పీకరు పాలక పక్షం మనిషి. 2014లో గెలిచిన వైకాపా సభ్యుల్లో 23 మంది తెలుగుదేశంలో చేరారు. వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు, ఒకరు మన బొబ్బిలి సభ్యుడు. ఎవరి మీదా అనర్హత వేటు పడకుండానే సభ గడువు ముగిసింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏ రాష్ట్రంలోనైనా ఇదే వరస. 2020 జనవరిలో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలంది. స్పీకరు చేతి నుంచి తీసి స్వతంత్ర ట్రిబ్యునలుకు ఇచ్చే సంగతి ఆలోచించమని పార్లమెంటుకు సూచించింది. ఐదేళ్లయింది.

ఆ చట్టానికి ఇంకో ముఖం కూడా ఉంది. ఫిరాయించినవాడిని పట్టుకోలేదు సరికదా, నిజాయితీగా విభేదించినవాడి నోరు నొక్కింది. ఏ బిల్లు మీదైనా పార్టీ విప్ (ఇలాగే ఓటు వేయాలన్న ఆదేశం) జారీ చేస్తే సభ్యుడు చెయ్యెత్తాల్సిందే. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ విప్‌ను విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి వాటికే పరిమితం చేయమంది. ఇప్పుడు మన సభలో 39 శాతం ఓట్లు వచ్చిన పార్టీకి పదో వంతు సీట్లు లేవని ప్రతిపక్ష హోదా లేదు. ఆ పార్టీ సభకు రావడం లేదు. రాకపోవడం తప్పు, ఓటు వేసినవారికి ద్రోహం. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష పదవి కూడా ఆనవాయితీ తప్పి కూటమిలోని పార్టీకే వెళ్లింది. ఇక ప్రశ్న అడిగేదెవరు?

సాలూరు సంత (సాలూరు)
2025 మార్చి 9, ఉదయం 10:10

కొఠియా వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి. మా మండలం సరిహద్దులో 21 ఊళ్లు, ఆంధ్రా అంటుంది మావి, ఒడిశా అంటుంది మావి. 1968లో కోర్టుకు వెళ్లింది, తగువు ఇంకా తేలలేదు. చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. 2024లో రెండు వైపులా పోలింగు ఒకే రోజున. రెండు ఓట్లు ఉన్నాయి కానీ కొండ దిగే రోడ్డు సరిగా లేదు. నియోజకవర్గాల హద్దులు గీసేవారు ఆ కొండ ఎక్కి చూడాలి.

పలకా బలపం (బొబ్బిలి మండలం)
2025 మార్చి 9, రాత్రి 9:40

నేను ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. మాస్టారు చెప్పిన ఊదారంగు పెన్ను నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఓటు ఉన్నత పాఠశాల, ఆపై స్థాయివారికే. పిల్లలకు ఒకటి, రెండు, మూడు దిద్దించేది మేము, ఆ అంకెలు బ్యాలెట్ మీద వేసే హక్కు లేనిదీ మాకే. సంస్కరణల జాబితాలో ఇది చిన్నదే కావచ్చు, నాకు మాత్రం పెద్దది.

ఒక సందేహం. మా ఊరి అమ్మలు, తాతలు అంకెలు వేయగలరా?

నాగావళి (శ్రీకాకుళం)
2025 మార్చి 10, ఉదయం 7:02

అమ్మా, మీ సందేహమే అంబేడ్కర్‌కూ వచ్చింది. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో దామాషా పద్ధతి కోరుతూ సవరణ వస్తే ఆయన వద్దన్నారు. ప్రతి ఓటరుకూ కనీసం అంకెలు తెలిసి ఉండాలి, మన అక్షరాస్యత అందుకు చాలదు అన్నారు. సభలో ముక్కలు ఎక్కువై ప్రభుత్వం నిలవదన్నది ఆయన రెండో కారణం. ఆ రోజుకు ఆ మాట సరైనదే. ఈ రోజు ఫోనులో పది అంకెలు నొక్కని ఇల్లు ఏది? అయినా డిగ్రీ ఉన్నవారి ఎన్నికలోనే చెల్లని ఓట్లు వేలల్లో వస్తున్నాయి కాబట్టి మీ సందేహాన్ని తేలిగ్గా తీసుకోను.

పలకా బలపం (బొబ్బిలి మండలం)
2025 మార్చి 16, మధ్యాహ్నం 1:25

గురువారం మా బడిలో చేసి చూశాను. నాలుగు, ఐదు తరగతులు కలిపి 33 మంది. ముగ్గురు నాయకులు కావాలి, ఐదుగురు నిలబడ్డారు. పేర్లు వద్దని గుర్తులు ఇచ్చాను: మామిడి, కొబ్బరి, జీడి, పనస, తాటి. నోటుపుస్తకం కాగితాలు చింపి చీటీలు చేశాం. అంకెలు వేయాలని ఒక్కసారే చెప్పాను.

చెల్లినవి 32. నాలుగుతో భాగిస్తే 8, ఒకటి కలిపితే 9. మామిడికి 12, కొబ్బరికి 8, జీడికి 5, పనసకు 4, తాటికి 3. మామిడి గెలిచింది, మూడు ఓట్లు అదనం. ఆ మూడు ఏ మూడు అని ఐదో తరగతి పిల్లవాడు అడిగాడు. సరైన ప్రశ్న. మొత్తం 12 చీటీల్లోనూ రెండో అంకె చూద్దాం, ఒక్కో చీటీకి పావు ఓటు అన్నాను. నాలుగు చీటీలు కలిస్తే ఒక ఓటు. భిన్నాల పాఠం గత నెలలోనే అయింది, చప్పున అర్థమైంది. ఎనిమిది చీటీలు జీడికి, అంటే రెండు ఓట్లు. నాలుగు చీటీలు కొబ్బరికి, అంటే ఒకటి. కొబ్బరి 9 అయింది, గెలిచింది. జీడి 7. అడుగున ఉన్న తాటిని తప్పిస్తే దాని మూడు చీటీల్లో రెండు జీడికి, ఒకటి పనసకు. జీడి 9. తాటికి ఓటు వేసిన పిల్లలు ఓడిపోయామని ఏడవలేదు, తమ చీటీలతోనే జీడి గెలిచిందని గంతులు వేశారు.

చెల్లనిది ఒక్కటి. ఒక పాప ఐదు గుర్తులకూ ఒకటే వేసింది. ఎందుకమ్మా అంటే, అందరూ నాకు ఇష్టమే టీచర్ అంది. ఆ చీటీ నా హాజరు పట్టీలో పెట్టుకున్నాను.

చింతచెట్టు నీడ (ఆమదాలవలస)
2025 మార్చి 16, సాయంత్రం 5:50

అమ్మా, ఆ లెక్క వేసిన కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి. మా పంచాయతీ అరుగు మీద వచ్చే ఆదివారం ఇదే చేద్దామని మావాళ్లతో అన్నాను. మా బావమరిది కూడా వస్తానన్నాడు. పావు ఓటు దగ్గర నాకు ఇంకా తికమకగా ఉంది, అక్కడ మళ్లీ ఒకసారి చెప్పండి.